అరటిపండా, నిమ్మకాయా?

మా చిన్నదానికి నాలుగేళ్ళు. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఓ సాయంత్రం సెల్లార్‌లోంచి ఏడుస్తూ పైకొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా వాళ్ళ తాతయ్య ఒళ్ళోకెక్కి, వెక్కుతూనే అడిగింది: "నేను అరటిపండునా, నిమ్మకాయనా?"

కింద ఏడుపెంకులాట ఆడుతున్నారు. మా పెద్దాడు చెల్లెల్ని చేర్చుకుంటూ ఇది "ఆటలో అరటిపండు" అని అందరికీ చెప్పాడు. అంటే పరిగెడుతుంది, పెంకులు పేరుస్తుంది, బంతి తగిలినా ఔటవదు. ఆటలో ఉంది, లెక్కలో లేదు. ఎదురు ఫ్లాటులోకి పుణె నుంచి కొత్తగా వచ్చినవాళ్ళ అబ్బాయి అదే సంగతి తనవాళ్ళకి "కచ్చా లింబూ" అని చెప్పాడు. పచ్చి నిమ్మకాయ అని. రెండు వైపుల నుంచీ రెండు అరుపులు వినేసరికి పిల్ల బెంబేలెత్తిపోయింది.

ఆ రోజు ఇంట్లో మా నాన్న, మా అత్తమ్మ ఇద్దరూ ఉన్నారు. నాన్నది అమలాపురం దగ్గర పల్లె. ముప్పయ్యేళ్ళ పైన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. అత్తమ్మది బోధన్ దగ్గర ఊరు. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయింది. పిల్ల కళ్ళు తుడిచి, పాలు పట్టాక వాళ్ళిద్దరి మధ్య మొదలైన మాటలు రాత్రి భోజనాల దాకా సాగాయి. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. ఇలాంటి మాటలు చెవిన పడితే రాసుకోకుండా ఉండలేను.

నాన్న: చూశారా చెల్లెమ్మా, నేనెప్పుడూ చెప్పేది ఇదే. ఒకే ఆటకి ఊరికో పేరు. ఆడుకోడానికి పిల్లలకి దొరికేదే గంట. అందులో సగం మాటల తగువుకే పోతే ఇక ఆడేదెప్పుడు? ఓ ఉమ్మడి మాట ఉండుంటే ఇది ఏడిచేదే కాదు.

అత్తమ్మ: తగువు యాడున్నది అన్నయ్యా? ఇద్దరు పోరగాండ్లు చెప్పింది ఒక్కటే గద. ఇది చిన్నది, బాల్ తాకినా ఏం లేదు, ఆడనియ్యుండ్రి అన్నరు. ఒకడు పండు అన్నడు, ఒకడు కాయ అన్నడు. రెండు దిక్కుల నుంచి దాన్ని కాపాడిండ్రు. నాకైతే సంబురమైంది.

నాన్న: మీకు సంబరం, దానికి ఏడుపు. ఇది ఇవాళ్టి సంగతి కాదమ్మా. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో మా స్కూలు జట్టుని రాష్ట్రపోటీలకి తీసుకొచ్చేవాణ్ణి. మ్యాచ్ లేని మధ్యాహ్నం అన్ని జిల్లాల పిల్లలూ కలిసి కర్రాబిళ్ళ ఆడేవారు. మావాళ్ళకది కర్రాబిళ్ళ. కృష్ణా గుంటూరు పిల్లలు బిళ్ళంగోడు అనేవారు, సీమ పిల్లలు చిల్లాకట్టె, మీవాళ్ళు చిర్రగోనె. పేరు దగ్గర నవ్వుకునేవారు, బాగానే ఉండేది. బిళ్ళ ఎగిరిపడ్డాక అసలు గొడవ మొదలయ్యేది. ఒకడు "తూచ్" అంటాడు. ఆ మాట తెలిసినవాడు ఆగుతాడు, తెలియనివాడు పరిగెడుతూనే ఉంటాడు. చొక్కాలు పట్టుకునే దాకా వచ్చేది.

అత్తమ్మ: కొట్టుకున్నరా?

నాన్న: ఒకటి రెండుసార్లు కొట్టుకున్నారు కూడా.

అత్తమ్మ: మల్ల తెల్లారి?

నాన్న: తెల్లారి మళ్ళీ ఆడారు. అదే మైదానంలో.

అత్తమ్మ: గదే నేననేది. ఒక్క రాత్రిల ఒకని మాట ఇంకొకడు పట్టుకున్నడు. మీరు పేర్లు నాలుగు, ఆట ఒక్కటే అంటున్నరు గద. నాకట్ల అనిపియ్యది. మీ గోదావరి దిక్కు ఆడపిల్లలు వంట ఆట ఆడితె ఏమంటరు?

నాన్న: గుజ్జనగూళ్ళు.

అత్తమ్మ: మేము గురుగులంటం. గురుగు అంటె చిన్న మట్టికుండ. మీ మాటల కూడు ఉన్నది, మా మాటల కుండ ఉన్నది. మా ఊళ్ళె కుమ్మరామె పెద్ద కుండలు చేసినంక మిగిలిన మట్టితోని మాకు గురుగులు చేసిచ్చేది. అవి ఆరె దాక ఆమె ఇంటి ముంగట కూసునేటోళ్ళం. పొద్దుగూకేది, అమ్మ పిలిచేది, మేం లేచేటోళ్ళం కాదు. గురుగులు అంటె నాకు ఆ తడిమట్టి వాసనొస్తది. గుజ్జనగూళ్ళు అంటె ఏ వాసనా రాదు. మీకు వస్తదేమో.

నాన్న: వస్తుంది. కొబ్బరాకుల నీడ, తడి ఇసక. కానీ అది నా చిన్నతనం వాసనమ్మా, మాటది కాదు. ఐస్‌బాయ్ సంగతి చూడండి. ఇంగ్లీషు పిల్లల "ఐ స్పై" మన పిల్లల నోట పడి ఐస్‌బాయ్ అయింది. ఐసూ లేదు, బాయ్ కూడా లేడు. ఎవరికైనా లోటొచ్చిందా? దాగుడుమూతలు పోయి ఐస్‌బాయ్ వచ్చింది, మీ హైదరాబాదులో చుప్పన్ చుపాయి అన్నారు. దాక్కోవడం మాత్రం పోలేదు కదా.

అత్తమ్మ: దాక్కునుడు పోలే. మూసుడు పోయింది. దాగుడుమూతల ఒక పెద్దమనిషి ఉండాలె అన్నయ్యా, తల్లి అంటరు. దొంగను ఒళ్ళె పండబెట్టుకొని రెండు చేతులతోని కండ్లు మూసేది. దాసుకున్నోళ్ళు దొంగకు దొరకకుండ ఉరికొచ్చి ఆమెను ముట్టుకోవాలె. గా ఐస్‌బాయ్‌ల దొంగ ఒక్కడే గోడ దిక్కు మొఖం పెట్టి లెక్కపెడ్తడు. మాట మారింది, మాటతోని పాటు ఆటలకెళ్ళి అవ్వ లేచిపోయింది. నేను ఒక్క మాట పోయిందని ఏడుస్తలేను. మూత అనే మాట ఉన్నన్ని రోజులు ఆ చేతులు ఉండె అంటున్న.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. పిల్ల ఆయన ఒళ్ళోనే ఉంది. దాని అరచేతిని బోర్లా, వెల్లకిలా తిప్పుతూ పంటలు వేయడం చూపిస్తున్నారు. ముగ్గురు చేతులు కలిపి ఊపి ఒక్కసారి వదిలితే, ఇద్దరివి ఒకలా, ఒకరిది వేరుగా పడుతుంది. వేరుగా పడినవాడు పండినట్టు. పండినవాడు గట్టెక్కుతాడు, ఆఖరికి మిగిలినవాడు దొంగ. పక్కవాళ్ళలా ఉండనివాడే తప్పించుకునే ఆ లెక్క నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

నాన్న: లెక్క మాటేమిటి మరి? ఆటకి లెక్క ఒకటే ఉండాలా వద్దా?

అత్తమ్మ: లెక్క అంటె గుర్తొచ్చింది. మా మేనమామోళ్ళు నాందేడ్ దిక్కు ఉండిరి. నాకు పదేండ్లప్పుడు ఎండాకాలం పోయిన. మరాఠీ ఒక్క ముక్క రాదు. ఒక్కదాన్నె అరుగు మీద కూసున్న. ముంగట పోరగాండ్లు చిర్రగోనె ఆడుతుండ్రు, వాండ్లు విటీ దాండూ అంటరు. లెక్కబెడుతుంటె ఇన్న. వకట్, లేండ్, మూండ్, నాల్ అని. నేను దిగ్గున లేచిన. మన లెక్కే గది! బయట దుకాణంల ఏక్, దోన్, తీన్, చార్ అంటరు. ఆటల మాత్రం మన ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎందుకని అడిగితె వాండ్లకు తెల్వదు. ఆటల అట్లనే అంటం అన్నరు. ఆ పూటనే నన్ను ఆటల కలుపుకున్నరు.

ఇక్కడ నేను కల్పించుకోకుండా ఉండలేకపోయాను. మరాఠీ పిల్లల విటీ దాండూ లెక్క సంగతి నేనూ చదివాను. వాళ్ళ మూండ్‌లో ఉన్న ఆ సున్న చూడండి. మన పాత పుస్తకాల్లో మూఁడు అని అరసున్నతో రాసేవారు. ఒకప్పుడు ముక్కుతో పలికిన ఆ ధ్వని మన నోళ్ళలోంచి జారిపోయింది, అచ్చులోంచి కూడా జారిపోయింది. మరాఠీ పిల్లల ఆటలో మాత్రం నిండు సున్నగా వినిపిస్తోంది. పాఠశాలలు నిలబెట్టలేకపోయిన ధ్వని మట్టినేల మీద కర్ర పట్టుకున్న పిల్లల దగ్గర నిలిచింది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం పైకి లేస్తుంది.

నాన్న: అమ్మాయ్, నువ్వు నా పక్షానే మాట్లాడావు. ఆ లెక్కని ఎవరు కాపాడారు? ఏ అకాడమీ కాపాడింది? ఎవరూ కాదు. పనికొచ్చింది కాబట్టి ఉంది. పనికిరాని మాట పోతుంది, దాని కోసం దిగులు పడనక్కర్లేదు. ఇక చెడుగుడు మాట చెబుతాను వినండి. మాకు చెడుగుడు, అరవంవాళ్ళకి సడుగుడు, మరాఠీవాళ్ళకి హుతుతు, బెంగాల్లో హాడూడూ. అలాగే ఉండిపోతే ఏమయ్యేది? ఊరి చెరువుగట్టు దాటేది కాదు. ఒక పేరు, ఒక కొలత, ఒక కూత పెట్టారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకి వెళ్ళింది, బంగారం తెచ్చింది. మా పల్లె కుర్రాళ్ళు ఆ ఆట పేరు చెప్పి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. మాట ఒకటి చేయబట్టే కదా?

అత్తమ్మ: కూత ఒక్కటే పెట్టిండ్రా?

నాన్న: రూలు అదే. గుక్క తిప్పుకోకుండా "కబడ్డీ" అనే అనాలి. ఇంకో మాట అంటే చెల్లదు. ఎక్కడినుంచో వచ్చిన అంపైరుకి వినపడాలి, గుక్క తెగిందో లేదో తెలియాలి. అందులో తప్పేం లేదు.

అత్తమ్మ: తప్పంటలేను. మీ చిన్నప్పుడు మీరేం కూత పెట్టేటోళ్ళు?

నాన్న: నాకో కూత ఉండేది. మా అన్నయ్య నేర్పాడు. నాలుగు పాదాలు. ఆఖరి పాదం సాగదీసుకుంటూ గీత దాకా వచ్చేసేవాణ్ణి.

అత్తమ్మ: చెప్పుండ్రి, పిల్ల ఇంటది.

ఆయన గొంతు సవరించుకుని మొదటి పాదం అన్నారు. డెబ్బయ్ రెండేళ్ళ మనిషి గొంతులోంచి పదేళ్ళ పిల్లాడి కూత వచ్చింది. రెండో పాదం సగంలో ఆగిపోయారు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు, మళ్ళీ అక్కడే ఆగారు. మూడోసారి కళ్ళు మూసుకుని ప్రయత్నించారు. అమ్మాయ్, మీ పెదనాన్నని అడగాలి, అన్నారు నాతో. పెదనాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి వెంటనే ఆయనకీ గుర్తొచ్చింది. ఎవరమూ మాట్లాడలేదు. పిల్ల మాత్రం, "తాతయ్యా, ఇంకా?" అంది.

నాన్న: (కాసేపటికి) అయినా చెల్లెమ్మా, ఆ కూతతో బీజింగ్ వెళ్ళలేం.

అత్తమ్మ: పోవద్దు. బీజింగ్‌కు కబడ్డీ పోనియ్యుండ్రి. మీ కూత మీ ఊళ్ళె ఉండాలె గద? అది ఉండనీకె కబడ్డీ అడ్డం రాలే. అది చిన్న మాట, ఊరి మాట అని మనమే తక్కువ చేసుకున్నం. నేను నాలుగో తరగతిల సంక్రాంతి మీద వ్యాసం రాసిన. పతంగి అని రాస్తె మా టీచరు ఎర్రసిరాతోని కొట్టేసి గాలిపటం అని రాసిండు. అంతటితోని ఊకుంటె బాగుండు. అందరి ముంగట సదివి నవ్విండు. పతంగి తెలుగు కాదన్నడు. ఇంటికొచ్చి మా నాయనను అడిగిన, నాయినా, మనది తెలుగు కాదా అని. పతంగి ఎగరేసుడు బందు పెట్టిన. ఆడపిల్లనైనా నాకు పేంచ్ ఏసుడు మా అన్నలకన్న బాగొస్తుండె.

నాన్న: ఎవరో ఒక టీచరు చేసిన తప్పమ్మా అది. నేనెప్పుడూ అలా నవ్వలేదు.

అత్తమ్మ: నవ్వలేదు గని, తూచ్ తెల్వనోన్ని తప్పు పట్టిండ్రు గద ఇందాక. పరిగెడ్తనే ఉంటడు అని.

నాన్న దానికి జవాబు చెప్పలేదు. నాకైతే ఈ వాదంలో ఇదే గట్టి దెబ్బ అనిపించింది. ఉమ్మడి మాట కావాలన్న ప్రతిసారీ ఎవరో ఒకరి ఇంటిమాట ఉమ్మడి మాటవుతుంది, మిగతావాళ్ళది తప్పవుతుంది. తూచ్ నాన్న ఇంటిమాట. అది అందరికీ తెలిసి ఉండాలని ఆయన అనుకోవడంలో ఏ చెడుద్దేశమూ లేదు. గాలిపటం అందరి మాట అనుకున్న ఆ టీచరుకి కూడా అది తన ఇంటిమాటేనని తోచి ఉండదు. నాన్న సంగతి నాకు తెలుసు. బడికి చెప్పుల్లేకుండా వచ్చిన పిల్లలకి తన జీతంలోంచి బూట్లు కొన్న మనిషి. ఆయనకే ఇలా జరిగితే ఇక మిగతావాళ్ళ మాటేమిటి?

మన నిఘంటువులు కూడా ఈ మాటల మీద పెద్దగా దయ చూపలేదు. పాత నిఘంటువు తెరిచి ఏదైనా ఆట పేరు వెతికితే చాలాసార్లు దొరికేది ఒక్క ముక్క: బాలక్రీడావిశేషము. ఎలా ఆడతారో, ఎందరాడతారో, ఏ ఊళ్ళో ఏమంటారో ఉండదు. 1949లో వచ్చిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో సురవరం ప్రతాపరెడ్డి గారు రాజుల యుద్ధాలు పక్కనబెట్టి జనం తిండికీ బట్టకీ ఆటకీ చోటిచ్చారు. ఆ పుస్తకం నాకు గురువు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి పూనికతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది. నాగలిలో ఒక్కో భాగాన్ని ఏ జిల్లా రైతు ఏమంటాడో ఊరూరా అడిగి రాసుకున్నారు. తర్వాత నేతమాటలు. పిల్లల ఆట ఎవరి వృత్తీ కాదు కాబట్టి అందులోకి రాలేదు. ఇంగ్లండులో ఓపీ దంపతులు డెబ్బయ్ బడుల్లో అయిదువేల మంది పిల్లల నుంచి వాళ్ళ మాటలు సేకరించి 1959లో పుస్తకం వేశారు. మన తూచ్ లాంటిదే, కాసేపు ఆటనుంచి తప్పుకోడానికి అక్కడి పిల్లలనే మాట లండన్‌లో ఫెయినైట్స్, ఈశాన్యాన స్కించ్, పడమటి వైపు బార్లీ. దాన్ని పటం మీద గీసి చూపించారు. తూచ్ ఎక్కడిదాకా వినిపిస్తుందో మనం అలా గీసుకోవద్దూ? ఇదే మాట ఆ రాత్రి వాళ్ళిద్దరితో అన్నాను.

అత్తమ్మ: గీయాలె. బడి పుస్తకాలల్ల కూడ ఎయ్యాలె. అన్ని పేర్లు పక్కపక్కకు పెట్టాలె. ఏ పిల్ల కూడ తన మాట తెలుగు కాదని అనుకోవద్దు.

నాన్న: పుస్తకంలో వేస్తే చచ్చిపోతుందమ్మా! రేపు పరీక్షలో ఖాళీలు పూరించమంటారు. గాలిపటాన్ని తెలంగాణలో ఏమంటారు, ఒక మార్కు. పిల్లాడు పతంగి అని రాసి, మార్కు తెచ్చుకుని, జన్మలో పతంగి ఎగరెయ్యడు. ఆటమాట పెద్దవాళ్ళు చెబితే వచ్చేది కాదు. నా కూత నాకు మాస్టారు నేర్పలేదు, మా అన్నయ్య నేర్పాడు. వాడికి పదమూడు, నాకు ఎనిమిది. వాడి వెనకాల అరటిపండులా తిరిగి తిరిగి నేర్చుకున్నాను.

అన్నాక ఆయనే ఆగారు. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న గిన్నె కింద పెట్టింది.

అత్తమ్మ: గదే. గిదే నేను ఇంత సేపు చెప్పలేకపోయిన. మీ నోట్లెకెళ్ళి వచ్చింది. నా సెంటర్‌ల మూడేండ్లది, ఆరేండ్లది ఒక్క చోటనే ఉండేటియి. నేను నేర్పిన పాటలు నాలుగు రోజులకు మర్చిపోయేటియి. ఆరేండ్ల పిల్ల నేర్పింది మాత్రం పోయేది కాదు. లెక్కల లేని పిల్ల ఉంటది చూడుండ్రి, ఓడేది లేదు, గెలిచేది లేదు, దానికి పని ఒక్కటే. చూసుడు, ఇనుడు. రెండేండ్లు అట్ల తిరిగి తిరిగి, ఒకనాడు లెక్కలకొస్తది. అప్పటికి దానికి అన్ని మాటలు వచ్చినయి.

నాన్న: మరి మేం చేసిందేమిటి? పద్నాలుగు లోపు ఓ జట్టు, పదిహేడు లోపు ఓ జట్టు, పంతొమ్మిది లోపు ఇంకోటి. ఈడు కలవనివ్వలేదు.

అత్తమ్మ: దెబ్బ తాకుతదని చేసిండ్రు.

నాన్న: అందుకే చేశాం. ఎనిమిదేళ్ళవాణ్ణి పదహారేళ్ళవాడి కిందకి తొయ్యలేం కదా. పోటీకి అది తప్పదు. కానీ పోటీ అయిపోయాక సాయంత్రం వాళ్ళని కలిపి వదిలేసి ఉండాల్సింది. నేను ఈల ఊది ఇళ్ళకి పంపేసేవాణ్ణి.

అత్తమ్మ: కన్నడపోళ్ళు ఈ చిన్నదాన్ని ఏమంటరో ఎరుకేనా? మా చెల్లె బీదర్‌ల ఉంటది. ఆటక్కుంటు లెక్కక్కిల్ల అంటరట. ఆటకు ఉన్నది, లెక్కకు లేదు అని. బెంగాలోళ్ళు పాలబువ్వ అంటరని మా సెంటర్‌కు వచ్చే కూలోళ్ళ పిల్లలు చెప్పిండ్రు. దూధ్ భాత్.

నాన్న: అరవంలో ఒప్పుకు చప్పాణి. మా కోచింగులో విన్నాను. చూశారా, ప్రతివాళ్ళకీ ఓ మాటుంది.

అత్తమ్మ: ప్రతి ఒక్కళ్ళకు ఒక చిన్న పిల్ల ఉన్నది.

వాళ్ళు రాజీపడ్డారని నేను రాయలేను. నాన్న మర్నాడు పొద్దున కూడా టీ తాగుతూ, అయినా రాష్ట్రపోటీల్లో తూచ్ అనే మాట రూలు పుస్తకంలో పెట్టాల్సిందే అన్నారు. అత్తమ్మ, మరి మా మాట కూడ పక్కన రాయుండ్రి అంది. పుస్తకం విషయంలో ఇద్దరిదీ చెరో దారి. నాకు మాత్రం పుస్తకమూ కావాలి, సెల్లారూ కావాలి. ఒకటి ఎంచుకోమంటే సెల్లారే కావాలి. కార్లు పార్కు చేసుకోడానికి ఉన్న కాస్త జాగాలో పిల్లలు ఆడొద్దని మా అసోసియేషన్ బోర్డు పెట్టబోతోంది. ఆ మీటింగుకి ఈసారి ముగ్గురం వెళ్తున్నాం.

ఆ మర్నాడు సాయంత్రం మళ్ళీ ఏడుపెంకులాట. మేం బాల్కనీలోంచి చూస్తున్నాం. మూడో అంతస్తువాళ్ళ బాబు, రెండున్నరేళ్ళుంటాయేమో, లిఫ్టు దగ్గర నిలబడి వేలు చీకుతున్నాడు. మా చిన్నది వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని, పెంకుల దగ్గరికి లాక్కొచ్చి, గొంతు చించుకుని అరిచింది:

"ఈడు కచ్చా అరటిపండు! బాల్ తగిలినా ఔట్ కాదు!"

విసరడానికి బంతి పైకెత్తిన పుణె అబ్బాయి ఆగి, ఆ బాబుని ఎగాదిగా చూసి, "చలేగా" అన్నాడు. మావాడు పెంకులు పేర్చడం మొదలుపెట్టాడు.